పొగమంచులో రద్దులమ్మాయి

మా ఇంట్లో పాలు కాయడం కూడా పందెమే. రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి అమ్మ అటు తిరిగిందంటే చాలు, మా పిన్ని గరిటె నోటి దగ్గర పెట్టుకునేది.

"స్టీలు గిన్నె ముందుంది, అంచున నురగ కట్టింది. సత్తు గిన్నె తొందరపడటం లేదు, సత్తువ దాచుకుంటోంది. ఇదిగో కదిలింది! సత్తు గిన్నె కదిలింది! పక్కకొచ్చింది! స్టీలు గిన్నె వదలడం లేదు, సత్తు గిన్నె తగ్గడం లేదు..."

నేను కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టేదాన్ని. అమ్మమ్మ ఊలు అల్లిక పక్కన పడేసి సత్తు గిన్నె పక్షాన అరిచేది. ఆ గోలలో పొయ్యి కట్టేసే పని ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు. రెండు గిన్నెలూ ఒక్కసారే పొంగి పొయ్యి నిండా పారేవి.

"కట్టవే ముందు!" అని అమ్మ అరిచేది.

"డెడ్ హీట్, అక్కా" అని పిన్ని గంభీరంగా తీర్పు చెప్పేది. రెండు గుర్రాలు ఏకకాలంలో గీత దాటితే అనే మాట అది. మా ఇంట్లో పొయ్యి తుడవాల్సినప్పుడల్లా వినపడేది.

పిన్ని పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయితే ఇంట్లో అందరం ఇంకా ఆమె మాటల్లోనే మాట్లాడుకుంటున్నాం. మొన్న కొత్తగా వచ్చిన పక్కింటావిడ మా అమ్మని మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగితే, "ట్రాకు తడిగా ఉందండీ, ఇవాళ నెమ్మదిగా పరుగు" అంది అమ్మ. ఆవిడ తెల్లమొహం వేసుకుని వెళ్ళిపోయింది. ఈ మాటలు మా ఇంటికి ఎలా వచ్చాయో, వాటిని తెచ్చిన మనిషి వాటి కోసం ఏం చేసిందో ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

పిన్ని రేస్‌కోర్సులో పనిచేసేది. గుర్రం ఎక్కే పని కాదు, గుర్రాన్ని తోమే పని కాదు. జనం కూర్చునే స్టాండు కింద, మెట్ల చాటున, కిటికీ లేని చిన్న గదిలో ఒక మైకు ఉండేది. పందేనికి ముందు ఏ గుర్రమైనా కుంటితేనో, జ్వరపడితేనో దాన్ని పందెంలోంచి తీసేస్తారు. ఆ సంగతి పిన్ని మైకులో చెప్పాలి. "మూడో పందెంలో ఐదో నంబరు రద్దయింది" అనాలి, అంతే. ఆ గుర్రం మీద ఆశలు పెట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఉసూరుమనేవారు. రద్దులు లేనప్పుడు పోయిన గొడుగులు, తప్పిపోయిన పిల్లలు. పందెం అయ్యాక జాకీలందరినీ మళ్ళీ తూకం వేసి, బరువు సరిపోయిందని తేలాక, "ఆల్ క్లియర్" అని కూడా ఆమే చెప్పాలి. అప్పటిదాకా గెలుపు గెలుపు కాదు.

రేస్‌కోర్సులో ఆమెను అందరూ రద్దులమ్మాయి అనేవారు. కిళ్ళీబడ్డీ దగ్గర కనపడితే చాలు, "ఇవాళ ఎవరి నోట్లో మట్టి కొడుతున్నావమ్మా?" అని అడిగేవారు. పిన్ని నవ్వేసేది గానీ ఇంటికొచ్చాక చెప్పులు కాస్త గట్టిగా విడిచేది.

ఆమెకు కావలసింది పై గది. స్టాండు కప్పు మీద, ఇనప మెట్లెక్కి వెళ్ళే గాజు గది అది. అక్కణ్ణుంచి పందెం మొత్తం కనపడుతుంది. అక్కడ కూర్చుని కామెంటరీ చెప్పే ఆయన్ని పెద్దగొంతు అనేవారు. మనిషి చిన్నవాడే, నడిచే గొడుగులా ఉండేవాడు. నోరు తెరిస్తే మాత్రం దూరంగా లాయాల్లో ఉన్న గుర్రాలు కూడా చెవులు నిక్కించేవి. ఆఖరి ఫర్లాంగులో, అంటే గీతకు ముందు మిగిలిన కాస్త నేలలో, పందెం మంచి పట్టు మీద ఉండగా ఆయన ఖంగుమని ఒక్క దగ్గు దగ్గేవాడు. ఆ దగ్గంటే జనానికి పిచ్చి. అది పడిందంటే గుర్రాలు దగ్గరికొచ్చేశాయని లెక్క. పిల్లలు వీధుల్లో గుర్రాలాట ఆడుకుంటూ ఆ దగ్గు దగ్గేవారు.

పిన్నికి ఈ మాటలు నేర్పింది ఆయనే. ఖాళీ దొరికితే చాలు, టీ గ్లాసు పట్టుకుని ఆ ఇనప మెట్ల మీద కూర్చునేది. ఆమె అక్కడ నేర్చుకున్నదంతా సాయంత్రానికల్లా మా ఇంట్లో అమలయ్యేది. గెలిచిన గుర్రం ఎంత ముందుందో మూరల్లో, గజాల్లో చెప్పరని, గుర్రం ఒంటితోనే చెప్తారని మాకు అలా తెలిసింది. ముక్కు మందం తేడా అయితే నోస్. ఇంకొంచెం ఎక్కువైతే షార్ట్ హెడ్. తర్వాత హెడ్, తర్వాత నెక్, తర్వాత ఒక గుర్రం పొడవంత లెంగ్త్. మరీ దూరం అయిపోతే కొలవడం దండగని డిస్టెన్స్ అనేస్తారు. నేను బడికీ, అమ్మ ఆఫీసుకూ పొద్దున్నే స్నానాల గది కోసం పరుగెడుతుంటే పిన్ని సోఫాలోంచి లేవకుండానే, "అక్క, షార్ట్ హెడ్" అనేది. నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. జీవితంలో ఒక్క పందెమూ గెలవని గుర్రాన్ని మెయిడెన్ అంటారు. పిన్ని నన్ను అలాగే పిలిచేది. "మెయిడెన్, నీ పాలు చల్లారుతున్నాయి" అనేది.

అమ్మమ్మ పక్కింటి గొడవల్లో తలదూర్చబోతే, "అమ్మా, నీకు బ్లింకర్స్ కట్టాలే" అనేది. అటూ ఇటూ చూసి బెదిరే గుర్రాల కళ్ళ పక్కన కట్టే మూతలవి.

"నీకు మూతికి కట్టేదేమైనా ఉంటే తెచ్చుకో" అనేది అమ్మమ్మ.

అయితే పై గదికి వెళ్ళాలంటే మాటలొక్కటే వస్తే చాలదు. ప్రతి పందెంలో ప్రతి జాకీ వేసుకునే చొక్కా రంగు వేరు. దూరం నుంచి గుర్రాలన్నీ ఒక్కలాగే కనపడతాయి. రంగుల్నిబట్టి గుర్తుపట్టాలి. అందుకని పందేల ముందు రోజు పిన్ని వాటర్‌కలర్సు ముందేసుకుని ఆ చొక్కాల బొమ్మలు గీసి వంటింటి గోడకు అంటించేది. ఒక్కొక్క రంగునీ ఇంట్లో దేనికో ఒకదానికి ముడిపెట్టేది. నలుపూ తెలుపూ అడ్డచారలైతే గిన్నెలు తుడిచే తువ్వాలు. గులాబీ ఒళ్ళూ పసుపు చేతులూ అయితే నా పుట్టినరోజు కేకు. రంగు కనపడగానే ఆలోచించకుండా గుర్రం పేరు నోట్లోంచి పడాలి. అదీ ఆమె సాధన. నేను కాగితాలు తిరగేసి చూపించేలోపే పేర్లు చెప్పేసేది. నిద్రలోంచి లేపి మా అమ్మమ్మ ఆకుపచ్చ సోఫా చూపించినా గుర్రం పేరే చెప్పేదని అమ్మ అనేది.

ఇలా ఉండగా పెద్దగొంతు ఆ సీజనుతో మానుకుంటానన్నాడు. ఆయన చోటుకు పిన్ని పేరు చెప్పాడు.

రేస్‌కోర్సు సెక్రెటరీ ఒప్పుకోలేదు. ఆయన ఎండలో కూడా గొడుగు వేసుకు తిరిగే మనిషి, ఏ పనికైనా రెండు అభ్యంతరాలు జేబులో పెట్టుకుని బయల్దేరేవాడు. మొదటిది, ఆఖరి ఫర్లాంగులో ఆడగొంతు విరిగిపోతుంది. రెండోది, కొత్తవాళ్ళు తడబడి మధ్యలో ఆగిపోతారు. "మైకు ఖాళీగా ఉండకూడదమ్మా. ఒక్క క్షణం ఆగినా జనం కరెంటు పోయిందనుకుంటారు" అన్నాడు. వేరే చోటునుంచి ఒక కంచు కంఠాన్ని అప్పటికే చూసి పెట్టుకున్నాడట.

పెద్దగొంతు పట్టుబట్టాడు. చివరికి ఆ శనివారం ఆఖరి పందెం ఒక్కటి పిన్నికి ఇచ్చారు. ఎవరూ పట్టించుకోని పందెం అది, అన్నీ మెయిడెన్ గుర్రాలే. బాగా చెబితే పై గది ఆమెది. లేకపోతే మళ్ళీ మెట్ల చాటు గది, రద్దులు, గొడుగులు.

ఆ వారమంతా మా ఇల్లు రేస్‌కోర్సే. కిటికీ అద్దం మీద వాన చుక్కలు జారుతుంటే ఒక్కొక్కదానికీ పేరు పెట్టి కామెంటరీ చెప్పింది. స్నానాల గదిలో గొంతు పెంచి సాధన చేస్తే పై వాటావాళ్ళు దిగొచ్చి ఎవరు గెలిచారని అడిగారు. అమ్మమ్మ ఆమె గొంతు విరుగుతుందో లేదో పరీక్షించడానికి హాల్లో ఆ చివర నిలబడి, "ఇంకా... ఇంకా... ఆ, అక్కడ విరిగింది!" అని చెప్పేది.

"విరగలేదే, అమ్మా! ఊపిరి తీసుకున్నాను."

"ఊపిరి అలా కీచుమంటుందా?"

శుక్రవారం సాయంత్రం పెద్దగొంతు మా ఇంటికొచ్చి బిస్కెట్లు తింటూ మూడు మాటలు చెప్పాడు. "చూసిందే చెప్పు, చూడనిది కల్పించకు. పేరు మింగకు. ఆఖరి గుర్రం గీత దాటేదాకా మైకు వదలకు. అందరూ గెలిచినదాన్ని చూస్తారు. ఆఖరిదానికీ ఓ యజమాని ఉంటాడమ్మా, వాడికీ చెవులుంటాయి."

"మీరు పక్కనుంటారుగా?" అంది పిన్ని.

"నేనుంటే నువ్వు నాకేసి చూస్తావు. నేను క్యాంటీన్‌లో ఉంటాను. నువ్వు గుర్రాలకేసి చూడు."

శనివారం అమ్మ, అమ్మమ్మ, నేను స్టాండులో ముందు వరసలో కూర్చున్నాం. అమ్మమ్మ ఊలు తెచ్చుకుంది కానీ ట్రాకుకేసి చూస్తూ రెండు అల్లికలు జారవిడిచింది. మధ్యాహ్నం నుంచే ట్రాకుకు అవతలి చెట్లు మసకబారుతూ వచ్చాయి. ఆఖరి పందెం గుర్రాలు బారులు తీరి స్టార్టింగ్ గేట్ల వైపు వెళ్తుంటే వాటి వెనకే పొగమంచు కూడా నడిచి వచ్చింది. ముందు చెట్లు పోయాయి. తర్వాత అవతలి రెయిలింగు పోయింది. తర్వాత గుర్రాలు ఒక్కొక్కటిగా, తోకలతో సహా, అందులో కరిగిపోయాయి. మిగిలింది మా ముందున్న కాస్త పచ్చిక, గెలుపు గీత, దాని పక్కన ఎర్రటి స్తంభం. ఆఖరి ఫర్లాంగులో సగం కూడా కనపడటం లేదు.

"ఇదేం పోయేకాలమే" అంది అమ్మమ్మ.

నేను వెనక్కి తిరిగి పైకి చూశాను. గాజు గదిలో పిన్ని కిటికీ తలుపు బార్లా తెరిచి, మెడ బయటికి పెట్టి చూస్తోంది. పక్కన సెక్రెటరీ.

గంట మోగింది. గేట్లు తెరుచుకున్న చప్పుడు ఎక్కడో దుప్పట్లో చుట్టినట్టు వినపడింది. లౌడ్‌స్పీకర్లు గరగరమన్నాయి.

"పందెం మొదలైంది" అంది పిన్ని. ఆగింది.

స్టాండంతా ఎదురుచూసింది. లౌడ్‌స్పీకర్లలో ఇంకో గొంతు సన్నగా, "చెప్పమ్మా, ఏదో ఒకటి చెప్పు! ఫేవరెట్ ముందుందని చెప్పు!" అంటోంది. అది సెక్రెటరీది. మైకు తెరిచి ఉందని ఆయనకు గుర్తు లేదు. జనం గొల్లుమన్నారు.

అప్పుడు పిన్ని చెప్పింది. "నాకేమీ కనపడటం లేదండీ. మీకూ కనపడటం లేదు. కనపడనిది నేను చెప్పను. గుర్రాలైతే పరుగెడుతున్నాయి. అందుకని అందరం కాసేపు నోరు మూసుకుని విందాం."

స్టాండులో ఛైర్మన్ ఉన్నాడు, గుర్రాల యజమానులున్నారు, ట్రైనర్లున్నారు, పందెం మీద ప్రాణాలు పెట్టుకున్నవాళ్ళున్నారు. అందర్నీ కలిపి నోరు మూసుకోమంది మా పిన్ని. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

వింత ఏమిటంటే, మూసుకున్నారు. ఎవరో దగ్గబోతే పక్కవాళ్ళు ఉష్ అన్నారు. టీ అమ్మే ఆయన కెటిల్ కింద పెట్టేశాడు. అంతమంది జనం అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

ముందు ఏమీ లేదు. తర్వాత దూరంగా, ఎవరో పక్క గదిలో పప్పులు చెరుగుతున్నట్టు ఒక చప్పుడు. అది గిట్టల చప్పుడు. మా ఎడమ చెవి నుంచి బయల్దేరి, మంచు వెనకాల పెద్ద చుట్టు తిరుగుతూ కుడిచెవి వైపు నడిచింది. వంపు దగ్గర కాస్త పలచబడింది, మళ్ళీ చిక్కబడింది. స్టాండులో తలలన్నీ ఆ చప్పుడుతోపాటే మెల్లగా కుడివైపు తిరుగుతున్నాయి. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "గుండె కొట్టుకున్నట్టుందే" అని గుసగుసలాడింది.

అంతలో ఆ గిట్టల వెనకనుంచి ఒక మనిషి గొంతు స్పష్టంగా వినపడింది.

"ఆగరా! ఒరేయ్, నీకు దండం పెడతా, ఆగరా!"

పందెంలో జాకీలు గుర్రాన్ని పరుగెత్తమని అరుస్తారు. ఆగమని బతిమాలే జాకీని అక్కడ ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. స్టాండులో నవ్వు బయల్దేరి ఉష్‌ల కింద నలిగిపోయింది.

"ఎవరో గుర్రాన్ని ఆగమంటున్నారండీ" అంది లౌడ్‌స్పీకర్. "గుర్రం వింటున్నట్టు లేదు."

"క్యారెట్ పెడతానురా! రెండు పెడతా!" అంది మంచు.

"బేరం నడుస్తోంది" అంది పిన్ని.

ఇక ఆ నవ్వును ఎవరూ ఆపలేకపోయారు. సరిగ్గా ఆ నవ్వులోకే గుర్రాలు మంచును చించుకుని వచ్చాయి. పిన్ని గొంతు అందుకుంది.

"అదిగో వచ్చాయి! ముందుగా ఒక గుర్రం... రంగులు లేవు... రంగులు ఎందుకు లేవంటే, జాకీ లేడు! జీను ఖాళీ! మీద మనిషి లేకుండా ముందొచ్చినా లెక్కలోకి రాదండీ, దాన్ని వదిలేయండి! దాని వెనక చలిమంట, లోపలివైపు నల్లరిబ్బను, ఇద్దరూ భుజం భుజం రాసుకుంటున్నారు! చలిమంట మీద కొరడా పడింది, నల్లరిబ్బను మెడ సాచింది, చలిమంట, నల్లరిబ్బను, చలిమంట... నల్లరిబ్బను! షార్ట్ హెడ్! నల్లరిబ్బను, షార్ట్ హెడ్!"

గొంతు విరగలేదు. అమ్మమ్మ లేచి నిలబడి ఊలు ఉండ గాల్లోకి విసిరేసింది. అది ఎవరి టోపీ మీదో పడింది.

వెనక వచ్చిన ప్రతి గుర్రాన్నీ పేరు పెట్టి పిలిచి గీత దాటించింది పిన్ని. ఆఖర్న 'ఇప్పుడే వస్తా' అనే ముసలి గుర్రం చాలా సేపటికి వచ్చింది. దాన్నీ వదల్లేదు. జనం లేచి గొడుగులు సర్దుకుంటున్నారు. పెద్దగొంతు మాట నిలబెట్టానన్న నిశ్చింతతో ఆమె మైకు కట్టేయబోతోంది. అప్పుడు మంచులో ఆకుపచ్చ రంగు కనపడింది. ఆకుపచ్చ మీద ఏటవాలుగా తెల్ల పట్టీ. మా అమ్మమ్మ సోఫా, దాని మీద పారిన పాల మరక. ఆ వారం రోజుల సాధన అంతా ఒక్కసారిగా పనిచేసింది. ఆలోచించకుండానే పేరు నోట్లోంచి పడిపోయింది.

"ఆగండి, ఇంకొకటుంది! చివరగా మొండిఘటం! మొండిఘటం లోపలి రెయిలింగు పట్టుకుని వస్తోంది, పాపం బాగా వెనకబడింది, కానీ వదల్లేదు, చక్కటి అంగలు వేస్తోంది..."

నేల మీద మంచు నడుము లోతున పారుతోంది. దాని పైన ఆకుపచ్చ చొక్కా ఒక్కటే తేలుతూ వస్తోంది.

"మొండిఘటం కొంచెం... పొట్టిగా కనపడుతోందండీ" అంది పిన్ని.

చొక్కా ఇంకా దగ్గరికొచ్చింది. మంచు పలచబడింది.

"మొండిఘటానికి... రెండే కాళ్ళున్నాయి."

రంగుల్లేకుండా ముందు దూసుకుపోయిన ఖాళీ జీను గుర్రమే మొండిఘటం. ఇది దాని జాకీ. రేస్‌కోర్సులో ఆయన్ని గుప్పెడు అనేవారు, అంత మనిషే. వంపు దగ్గర కిందపడి, పెద్ద దెబ్బేమీ తగలక, గుర్రం మంచులో తప్పిపోతుందన్న బెంగతో ట్రాకంతా దాని వెనకే పరుగెత్తుకొస్తున్నాడు. ఒళ్ళంతా బురద, చేతిలో కొరడా, నెత్తిన టోపీ ఓ పక్కకి.

స్టాండు విరగబడి నవ్వింది. తప్పు తెలిసిన మనిషి అక్కడ నోరు మూసుకోవచ్చు. పిన్ని లెక్కలో ఆఖరివాడు ఇంకా గీత దాటలేదు.

"సరేనండీ, మనిషే! అయినా పరుగులోనే ఉన్నాడు! మీద బరువు లేదు, కింద గుర్రం లేదు, ట్రాకు తడిగా ఉంది, అయినా ఆగడం లేదు! కొరడా తన తొడ మీద తనే కొట్టుకుంటున్నాడు! ఆఖరి ఫర్లాంగు, గాలి అందడం లేదు, ఎదురుగా పోటీ లేదు, అయ్యా గుప్పెడుగారూ, ఇంకొంచెం! వచ్చేశారు! వచ్చే..."

అక్కడ విరిగింది గొంతు. నవ్వుతో నిలువునా విరిగి, కీచుమని పైకి పోయి, లౌడ్‌స్పీకర్లన్నిటిలోంచీ ఒకేసారి ఎగిరింది. జనం కేకలూ చప్పట్లూ దాన్ని మింగేశాయి. గుప్పెడు గీత దాటి, ఎర్రస్తంభాన్ని వాటేసుకుని నిలబడ్డాడు. పందెం అయ్యాక తూకానికి వెళ్ళడం జాకీలకు అలవాటు కదా, తిన్నగా తూకం గదికి నడిచాడు. తూకం గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూసి, "గుర్రం ఏదయ్యా?" అన్నాడట. "మీకు కనపడిందా?" అని ఈయన అడిగాడట.

మేం ఇనప మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి సెక్రెటరీ గొడుగు ఊపుతూ మాట్లాడుతున్నాడు.

"పందెం సగం మైకు ఖాళీ! ఛైర్మన్‌గారిని నోరు మూసుకోమన్నావు! మనిషిని పట్టుకుని గుర్రమన్నావు! అన్నిటికీ మించి, నేను ముందే చెప్పానా లేదా, ఆఖరి ఫర్లాంగులో గొంతు విరిగింది! సోమవారం నుంచి నీ గదికి నువ్వు వెళ్ళమ్మా."

నవ్వుకు కారిన నీళ్ళు ఇంకా పిన్ని బుగ్గల మీదున్నాయి, వాటి వెనక వేరే నీళ్ళు బయల్దేరాయి. అమ్మమ్మ ముందుకు రాబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

వెనక మెట్లు చప్పుడయ్యాయి. పెద్దగొంతు రొప్పుతూ వచ్చాడు, చేతిలో సగం తాగిన టీ గ్లాసు.

"విరిగిందా?" అనడిగాడు పిన్నిని.

"విరిగిందండీ."

"నాకూ విరుగుతుంది. ప్రతి పందెంలో అక్కడే విరుగుతుంది. దగ్గి కప్పేస్తాను." ఆయన సెక్రెటరీ వైపు తిరిగాడు. "ఆ దగ్గు లేకపోతే పందెం చప్పగా ఉంటుందని మొన్న మీరే అన్నారుగా?"

సెక్రెటరీ గొడుగు తెరిచాడు, గదిలోపలే. మళ్ళీ మూశాడు.

"అది వేరు" అన్నాడు.

"ఏం వేరు?"

కింద స్టాండులో జనం ఇంకా ఇళ్ళకు వెళ్ళలేదు. ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు: "రద్దులమ్మాయీ! రద్దులమ్మాయీ!" ఛైర్మన్ కిందినుంచే పైకి చూసి, నోటిమీద వేలేసుకుని ఉష్ అన్నట్టు చూపించి, నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

పెద్దగొంతు మెడలోంచి బైనాక్యులర్స్ తీసి పిన్ని మెడలో వేశాడు. ఆయన పొట్టి, ఆమె పొడుగు, అందుకని ఆమె వంగాల్సి వచ్చింది. పట్టీ ఆమె చెవికి చిక్కుకుంది. దాన్ని విడిపించడానికి అమ్మకూ అమ్మమ్మకూ కాసేపు పట్టింది.

తర్వాతి వారం గుప్పెడు ఆ ఇనప మెట్లెక్కి వచ్చాడు. మెడకు కట్టు, చేతిలో ఫిర్యాదు మొహం.

"నన్ను గుర్రం పేరుతో పిలిచారండి మీరు."

"గుర్రం పని మీరే చేశారు కదండీ" అంది పిన్ని.

"పొట్టిగా ఉందన్నారు. మా జట్టు జాకీలంతా నన్నిప్పుడు మొండీ అంటున్నారు."

"క్యారెట్ తింటారా?"

సంచిలో నిజంగానే ఉంది, ఆమె మధ్యాహ్నం తినేది. ఆయన తీసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళిద్దరూ ఆ మెట్ల మీదే మాట్లాడుకున్నారు, ఆయన పై మెట్టు మీదా ఆమె కింది మెట్టు మీదా నిలబడి, కళ్ళు సమంగా ఉండేట్టు. పెళ్ళి మాట ఆయన మా ఇంటికొచ్చి అడిగితే అమ్మమ్మ ఆయన్ని తేరిపార చూసి, "దూరం పరుగెత్తగలడు, అది చూశాం" అంది. పెళ్ళి రోజున రిజిస్టర్‌లో సంతకాలు అయ్యాక పిన్ని అందరి వైపూ తిరిగి, "ఆల్ క్లియర్" అని ప్రకటించింది. అలా ఆయన మాకు బాబాయి అయ్యాడు.

పిన్ని చాలా ఏళ్ళు పై గదిలోనే ఉంది. ఆఖరి ఫర్లాంగులో గొంతు విరిగితే విరగనిచ్చేది, ఎప్పుడూ దగ్గలేదు. కొన్నాళ్ళకు వీధిలో పిల్లలు గుర్రాలాటలో ఆ కీచు కూడా నేర్చేసుకున్నారు. బాబాయి మాత్రం మాట పొదుపు మనిషి. ఆమె మాట్లాడుతుంటే పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచేవాడు.

మొన్న వాన పడుతుంటే అమ్మా నేనూ బాబాయి వాళ్ళింట్లో కూర్చున్నాం. కిటికీ అద్దం మీద చుక్కలు జారుతున్నాయి. ఎవరమూ ఆ వైపు చూడటం లేదు. అందరికీ అదే గుర్తొస్తోందని అందరికీ తెలుసు. బాబాయి లేచి, చేతిలో బఠాణీ కాయ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎడమ పక్క... సన్నది ముందుంది" అన్నాడు, ఎవరికో ఏదో అప్పజెప్తున్నట్టు. "లావుది... దారి మార్చుకుంది. సన్నది ఆగింది. ఎందుకాగింది? ఆ, ఇంకోదాన్ని కలుపుకుంది. లావుది కదిలింది... అక్కడుంది చూడండి, అక్కడ... ఆఖరి ఫర్లాంగు..."

బాబాయి దగ్గాడు. ఖంగుమని, పెద్దగొంతులాగే.

తర్వాత అమ్మ ముక్కు తుడుచుకుని, "సన్నది, నోస్" అంది.

"సన్నదేమిటి వదినా, లావుదే" అన్నాడు బాబాయి. "నెక్."

"కళ్ళద్దాలు పెట్టుకోండి మరిదిగారూ."

"నేను దగ్గరున్నాను, మీరు దూరమున్నారు!"

"అభ్యంతరం!" అని నేను సోఫా మీద చెయ్యి చరిచాను, గట్టిగా. మళ్ళీ మొదటినుంచి చూడాల్సిందేనని తేల్చాం. ముగ్గురం కుర్చీలు కిటికీ దగ్గరికి లాక్కుని, అద్దానికి ముక్కులు ఆనించి, తలా ఒక చుక్కను ఎంచుకున్నాం.